కళాయి లేని ఇత్తడి

మొన్న సంక్రాంతికి మా యింట్లో అటక దులిపించాము. బూజుతోపాటు, పాతికేళ్ళుగా అటకమీద బోర్లించి వున్న ఇత్తడి సామానంతా కిందికి దిగింది. రెండు బిందెలు, ఒక గుండిగ, మూడు తపేలాలు, ఒక మరచెంబు, జంతికల గొట్టం, సిబ్బిరేకు, దీపపు కుందులు. అన్నిటికన్న అడుగున, గ్లాసెడు పాలు పట్టే చిన్న గిన్నె ఒకటి. ఇవన్నీ మా అమ్మ 1967లో కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్నవి. తణుకు దగ్గర అజ్జరం అనే వూరు ఇత్తడి పనికి పేరు పడ్డది. మా తాతగారు పెళ్ళికి నెలముందే అక్కడికి వెళ్ళి, దగ్గర కూర్చుని చేయించి, ప్రతి పాత్రమీదా అమ్మ పేరు కొట్టించి తెచ్చారట. ఆ అక్షరాలు యిప్పటికీ వేలికి తగులుతున్నాయి.

సామాను వరండాలో పరచగానే మా యిల్లు మూడు పక్షాలుగా చీలిపోయింది.

మొదటి పక్షం మా ఆవిడది. "వీటిని తోమేదెవరు? పాతసామాన్లవాడు కిలోల లెక్కన కొంటున్నాడు. ఇచ్చేస్తే అటకైనా ఖాళీ అవుతుంది" అన్నది.

రెండో పక్షం మా మేనకోడలిది. పట్నంలో ఉద్యోగం చేస్తూ, ఏడాది నిండిన పిల్లవాణ్ణి ఎత్తుకుని పండుగకు వచ్చింది. "అయ్యో, అమ్మేయకు అత్తయ్యా! ఇప్పుడందరూ మళ్ళీ ఇత్తడిలోనే వండుకుంటున్నారు. ఆరోగ్యమట. కొత్తవి వేలకు వేలు పోసి కొంటున్నారు. ఆ తపేలాలు నాకిచ్చేయి" అన్నది.

మూడో పక్షం ఇంటరు చదువుతున్న మావాడిది. "అదంతా విషం. చిలుము కడుపులోకి పోతే అంతే సంగతులు" అని తేల్చేశాడు.

మా అమ్మ ఏ పక్షంలోనూ చేరలేదు. ఆ చిన్నగిన్నె తీసుకుని దొడ్లోకి వెళ్ళి, చింతపండు పెట్టి మిలమిల తోమి, మునిమనవడికోసం అందులో పాలుపోసి పొయ్యిమీద పెట్టింది.

"ఆగు నాన్నమ్మా! ఇత్తడిలో పాలా?" అని మావాడు కేకవేశాడు.

"ఏం రా? మీ నాన్ననూ, మీ అత్తనూ ఈ గిన్నెలో కాచిన పాలతోనే పెంచాను. వాళ్ళకేం వచ్చింది?" అన్నది అమ్మ.

అందరూ నావైపు చూశారు. ఇంటిపెద్ద ఏదో ఒకటి చెప్పాలి గదా! ఏం చెప్పాలో తోచక పొయ్యి కట్టేసి, "తీర్పు వాయిదా" అన్నాను. పాలు స్టీలు గిన్నెలోకి మారాయి. అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. ఇత్తడి గురించి నాకు తెలిసింది నిఘంటువుల్లో వున్నంతవరకే. సంస్కృతంలో దానికి ఆరకూటమనీ, పిత్తలమనీ, రీతి అనీ పేర్లున్నాయి. హిందీవారి పీతల్, కన్నడిగుల హిత్తాళె, మన ఇత్తడి - వింటేనే వీటి చుట్టరికం తెలుస్తుంది. రీతి అనే మాటను మనం పద్ధతి అనే అర్థంలోనే వాడుతున్నాము గాని, ఇత్తడి అనే అర్థం నిఘంటువు గడప దాటి బయటికి రాలేదు. బంగారానికి పుత్తడి అని పేరుండడంవల్ల కవులకు ప్రాస కుదిరింది. పాపం, ఇత్తడికి ఎప్పుడూ రెండో పీటే దక్కింది.

ఈ పాండిత్యంతో పాలగిన్నె తగవు తీరదు గనుక, పండుగ సెలవులు కాగానే మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి ఆశ్రయించాను. ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ పాఠకులకు కూడా పనికివస్తుందని యిక్కడ రాస్తున్నాను.

రాగికి తోడు దొరికిన కథ

ఇత్తడి రాగీ, తుత్తునాగమూ కలిసిన మిశ్రలోహం. తుత్తునాగమంటే జింకు. రాగిలో తగరం కలిస్తే అది కంచు. ఇత్తడీ కంచూ ఒకటేనని చాలామంది అనుకుంటారు గాని, కిందపడేస్తే తేడా తెలిసిపోతుంది. ఇత్తడి చెంబు పడితే సొట్టపోతుంది. కంచు గిన్నె పడితే పగులుతుంది. అయితే మోగడంలో కంచుదే పైచెయ్యి. గుడిగంటకు వాడే కంచులో నూటికి ఇరవైపాళ్ళకు పైగా తగరం వుంటుంది. ఆ గట్టిదనంవల్లనే అంత నాదం, ఆ గట్టిదనంవల్లనే అంత పెళుసు. మనం అన్నం తినే కంచానికి ఆ పేరు వచ్చింది కూడా కంచునుంచే.

రాగిలో తుత్తునాగం కలపడం చెప్పినంత సుళువు కాదు. రాగి కరగడానికి 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. తుత్తునాగం 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఖనిజంనుంచి దాన్ని విడదీయడానికి కావలసిన వేడి అంతకన్న ఎక్కువ. అనగా, లోహం పుట్టీపుట్టగానే ఆవిరై గాలిలో కలిసిపోతుందన్నమాట. అంచేత పూర్వులు తుత్తునాగం ముఖం చూడకుండానే ఇత్తడి చేశారు. రాగి ముక్కలనూ, తుత్తునాగపు ఖనిజాన్నీ, బొగ్గుపొడినీ మూసలో పెట్టి, మూతవేసి కాల్చేవారు. పుట్టిన ఆవిరి బయటికి పోయే దారిలేక రాగిలోకే చొచ్చుకుపోయేది. ఎర్రగా లోపలికి వెళ్ళిన రాగి పచ్చగా బయటికి వచ్చేది.

ఆ ఆవిరిని పట్టి లోహంగా మార్చే పనిని పెద్దఎత్తున సాధించినవారు మనదేశం వారే. రాజస్థానంలో ఉదయపూరు దగ్గర జావర్ అనే చోట ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటే తుత్తునాగం బట్టీలు నడిచాయి. వంకాయ ఆకారంలో వుండే మట్టి మూసల్లో ఖనిజం కూరి, వాటిని తలకిందులుగా నిలిపి, పైన మంట పెట్టేవారు. ఒక్కొక్క బట్టీలో 36 మూసలు. ఆవిరి కిందికి దిగి, చల్లని కుండలో పడి లోహంగా పేరుకునేది. రసరత్నసముచ్చయమనే సంస్కృత గ్రంథంలో యీ పద్ధతి వర్ణించబడి వుంది. వాడి పారేసిన ఆ మూసలతో కట్టిన గోడలు జావర్లో యిప్పటికీ కనిపిస్తాయి. ఇంగ్లండులో విలియం చాంపియన్ అనే ఆయన తుత్తునాగం తీసే పద్ధతికి పేటెంటు పొందింది 1738లో.

పాలు మారితే గుణం మారుతుంది

ఇత్తడి అంటే ఒకటే లోహం కాదు. నూటికి పది పదిహేను పాళ్ళు తుత్తునాగం కలిస్తే ఎర్రఛాయ పోని బంగారు రంగు వస్తుంది. ముప్ఫైపాళ్ళు కలిస్తే మనకు తెలిసిన పసుపుపచ్చని ఇత్తడి. ఇది రేకుగా సాగుతుంది, సుత్తి దెబ్బకు వంగుతుంది. బిందెలకూ చెంబులకూ అనువైనది. నలభై పాళ్ళయితే గట్టిపడుతుంది. అప్పుడు వేడిమీదనే పని చెయ్యాలి. అంతకు మించితే పెళుసెక్కుతుంది.

సుత్తితో కొట్టినకొద్దీ ఇత్తడి బిగుసుకుపోతుంది. అప్పుడు కంచరి దాన్ని నిప్పులో కాల్చి మెత్తబరచి, మళ్ళీ కొడతాడు. ఇట్లా కాల్చడం, కొట్టడం ఎన్నోసార్లు జరిగితేగాని బిందె మెడ తిరగదు. చివరికి ఒంటినిండా వరుసగా వేసే చిన్నచిన్న సుత్తిదెబ్బలు అందంకోసమే కాదు. పలుచని రేకుకు బలం వచ్చేదీ వాటివల్లనే. శ్రీకాకుళం జిల్లా బుడితిలోనూ, జనగామ దగ్గరి పెంబర్తిలోనూ యీ విద్య యింకా చేతుల్లో బతికి వుంది. పెంబర్తి పనివారు రేకుమీద వేసే నగిషీ దేవాలయాల తలుపులకూ, వాహనాలకూ అలంకారం.

మా యింట్లో ఇత్తడి లేదని చెప్పేవారు ఒక్కసారి చుట్టూ చూసుకోవాలి. నీళ్ళ కుళాయి పైన తెల్లని పూత. లోపల చాలావాటిలో ఇత్తడే. గ్యాసుపొయ్యి బర్నరు ఇత్తడి. సిలెండరు మూతి ఇత్తడి. గోడలో గుచ్చే ప్లగ్గు పుల్లలు ఇత్తడి. తాళం కప్పలో తిరిగే భాగం ఇత్తడి. తుప్పు పట్టకపోవడం, విద్యుత్తును బాగా మోయడం, సుళువుగా మరలు కోయించుకోవడం - యీ మూడు గుణాలకోసమే యింజనీర్లు దాన్ని వదలరు. 2009 నుంచి వచ్చిన బంగారురంగు అయిదురూపాయల బిళ్ళ కూడా ఇత్తడి జాతిదే. అందులో కాస్త నికెలు కలుస్తుంది. పదిరూపాయల బిళ్ళ చుట్టూ వున్న పచ్చని వలయంలో తుత్తునాగానికి బదులు అల్యూమినియం కలిసింది. దాన్ని ఇత్తడికి దాయాది అనుకోవచ్చు.

ఇక్కడొక జాగ్రత్త కూడా చెప్పాలి. మరలు సులభంగా తెగడానికి కుళాయి ఇత్తడిలో నూటికి రెండుమూడు పాళ్ళు సీసం కలపడం ఆనవాయితీగా వచ్చింది. అంచేత రాత్రంతా కుళాయిలో నిలిచిన నీళ్ళు పొద్దున్నే తాగడానికి పట్టకుండా, కాసేపు వదిలేసి పట్టుకోవడం మంచిది. వదిలిన నీళ్ళు అంట్లకూ, మొక్కలకూ పనికివస్తాయి.

మా మూడు తపేలాలలో ఒకదానికి మెడదగ్గర సన్నని నెర్రె వుంది. ఎవరూ కింద పడెయ్యలేదు, ఎవరూ కొట్టలేదు, ఎట్లా వచ్చిందని మిత్రుణ్ణి అడిగితే ఆయనొక కథ చెప్పారు. బ్రిటిషు సైన్యం మనదేశంలో వున్న రోజుల్లో తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలను వర్షాకాలంలో గుర్రపుశాలల్లో భద్రపరిచేవారట. వానలు వెనకబట్టాక తీసి చూస్తే గొట్టాలు వాటంతటవే చీలివుండేవి. ఋతువునుబట్టి వచ్చే పగులని దానికి పేరు పెట్టారు గాని కారణం చాలాకాలం తెలియలేదు. 1921లో శాస్త్రజ్ఞులు రహస్యం విప్పారు. గుర్రాల మూత్రంనుంచి వచ్చే అమోనియా, గాలిలోని తేమ, గొట్టం చేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు - మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుంది. కాబట్టి అమోనియా కలిసిన శుభ్రంచేసే ద్రావకాలు ఇత్తడికి తగిలించకూడదు. నెర్రె వచ్చిన పాత్రను మళ్ళీ నమ్మకూడదు కూడా. ఆ ఒక్క తపేలా విషయంలో మా ఆవిడ నెగ్గింది. ఇత్తడి ఎన్నిసార్లు కరిగించినా ఇత్తడే గనుక, పాతసామాన్లవాడికి యిచ్చినా అది వృథాపోదు.

చింతపండు చెప్పిన నిజం

ఇక అసలు సంగతికి వస్తాను.

గాలీ, తేమా తగిలి ఇత్తడి నల్లబడుతుంది. తడీ పులుపూ ఉప్పూ తోడయితే పచ్చని చిలుము పడుతుంది. చింతపండు పెట్టి తోమగానే ఆ నలుపు, చిలుము పోయి కొత్తగిన్నెలా మెరుస్తుంది. ఎందుకు? చింతపండులో టార్టారిక్ ఆమ్లం వుంది. అది లోహంమీది పొరను కరిగించి నీళ్ళలోకి లాగుతుంది. తోమిన నీళ్ళు దొడ్లోకి పోతాయి గనుక మనకు సంతోషం.

ఇప్పుడు అదే చింతపండును అదే గిన్నెలో పోసి, ఉప్పువేసి, పొయ్యిమీద అరగంట కాచామనుకోండి. దాని పేరు పులుసు. చింతపండుకు మాత్రం తేడా తెలియదు. బయట ఏం చేసిందో లోపలా అదే చేస్తుంది. రాగినీ, తుత్తునాగాన్నీ కరిగించి పులుసులోకి లాగుతుంది. ఈసారి ఆ నీళ్ళు దొడ్లోకి పోవు, కడుపులోకి పోతాయి. నిమ్మకాయ, మజ్జిగ, పెరుగు, టమాటా - అన్నిటిదీ యిదే వరస. "మజ్జిగ చిలుమెక్కింది, పారబొయ్యండి" అని పెద్దవాళ్ళు అనేది యిందుకే. తిన్నవారికి కడుపులో వికారం, వాంతులు, నొప్పి వస్తాయి.

రాగి మన శరీరానికి శత్రువు కాదు. పెద్దవాళ్ళకు రోజుకు ఒకటిరెండు మిల్లీగ్రాములు కావాలి కూడా. పప్పులు, గింజలు తింటే అది సమకూరుతుంది. ఎక్కువైతే కాలేయం దాన్ని పిత్తంలో కలిపి బయటికి పంపుతుంది. కాని పసిపిల్లల కాలేయానికి ఆ శక్తి యింకా పూర్తిగా రాదు.

ఇక్కడే పాలగిన్నె కథ మొదలవుతుంది.

పాత వారపత్రికలు తిరగేస్తే పసిపిల్లల లివరు జబ్బులకు మందుల ప్రకటనలు కనిపిస్తాయి. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ పిల్లలు. కడుపు ఉబ్బడం, కాలేయం రాయిలా గట్టిపడడం, కామెర్లు, కొద్ది నెలల్లో మరణం. ప్రపంచంలో మరెక్కడా యింతగా కనిపించని జబ్బు గనుక వైద్యులు దానికి మనదేశం పేరే పెట్టారు. మధ్యతరగతి ఇళ్ళలో, తిండికి లోటులేని ఇళ్ళలో అది ఎక్కువగా కనిపించడం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ పిల్లల కాలేయంలో రాగి అంతులేకుండా పేరుకుని వున్నట్లు పరీక్షల్లో తేలింది. పూనాలోని వైద్యులూ, ఇంగ్లండు వైద్యులూ కలిసి పరిశోధించి, 1983లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక ముఖ్యకారణం బయటపెట్టారు. జబ్బుపడిన పిల్లలకు చాలా చిన్నవయసునుంచే, ఇత్తడి రాగి పాత్రల్లో కాచి నిలవవుంచిన పశువుల పాలు పట్టారు.

పాలు పుల్లనివి కావు గదా అని నేనూ అడిగాను. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తుకు రాగిని పట్టుకునే గుణం వుంది. నీళ్ళకన్న పాలు ఇత్తడినుంచి ఎన్నోరెట్లు ఎక్కువ రాగిని లాగుతాయి. పైగా మనం వాటిని కాచి, గంటలతరబడి అదే గిన్నెలో వుంచుతాము. పేదయింట ఇత్తడిగిన్నె లేదు, తల్లిపాలే ఆధారం. కలిగినయింట బిడ్డకు కావలసినన్ని ఆవుపాలు, మెరిసే గిన్నె! ఎంత ప్రేమతో తోమి, ఎంత ప్రేమతో కాచి పట్టారో తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. పాలు కాచడానికి ఇత్తడి వాడడం తగ్గిన తరువాత ఆ జబ్బు కూడా అరుదైపోయింది. ఇప్పటి చాలామంది తల్లులకు దాని పేరు కూడా తెలియదు. తెలియకపోవడమే యిప్పుడు భయం. ఎందుకంటే గిన్నె మళ్ళీ వంటింట్లోకి వస్తున్నది.

అట్లాగని మావాడన్నట్లు ఇత్తడి విషమా? నీళ్ళ విషయంలో కథ పూర్తిగా వేరు. రాగికి సూక్ష్మజీవులను చంపే గుణం వుంది. ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు భారతీయ శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన ప్రయోగాల ఫలితాలు 2005లో వెలువడ్డాయి. విరేచనాలు కలిగించే జాతి క్రిములు కలిపిన నీళ్ళను ఇత్తడి పాత్రలో వుంచితే, నలభై ఎనిమిది గంటలకు వాటి జాడ దొరకలేదు. నీళ్ళలో కరిగిన రాగి ప్రమాదమయ్యేంత లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ తాగేనీటిలో లీటరుకు రెండు మిల్లీగ్రాములదాకా రాగి వుండవచ్చునని హద్దు పెట్టింది. ఆసుపత్రి తలుపుల పిడులకు ఇత్తడి మంచిదనే మాటకు కూడా బలం వచ్చింది. రాగి మిశ్రలోహాల మీద పడ్డ క్రిములు చస్తాయని చెప్పుకోవడానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2008లో అనుమతి యిచ్చింది.

అయితే, బిందెలో పోశాము గదా అని మురికినీళ్ళు గంటలో మంచినీళ్ళు కావు. కాచడం, వడపోయడం మానకూడదు. బిందె చేసేది పైసాయం మాత్రమే.

తగరం ఏడుపు

మరి మమ్మల్ని ఆ గిన్నెలో కాచిన పాలతోనే పెంచానని అమ్మ అన్న మాటకు సమాధానం? దానికోసం పాతబజారులో కళాయి వేసే పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. పాలగిన్నె చేతికిచ్చాను. ఆయన గిన్నె లోపలి అంచు కింద గోటితో గీసి, వెలుతురుకు పెట్టి చూపించాడు. అక్కడక్కడ మసకగా తెల్లని మరకలు.

"ఇది కళాయి ఆనవాలు బాబూ. ఒకప్పుడు లోపలంతా వెండిలా వుండివుంటుంది. తోమితోమి అరిగిపోయింది" అన్నాడు.

తపేలాలు, గుండిగ ఆయనకే యిచ్చి, దగ్గర కూర్చుని చూశాను. పాత్ర లోపల మకిలి లేకుండా రుద్ది, నిప్పులమీద తిప్పుతూ వేడిచేశాడు. నవాసాగరం పొడి చల్లాడు. తెల్లని పొగ గుప్పుమన్నది. ఆ పొడి వేడికి విడిపోయి, లోహంమీద మిగిలిన పొరను తినేస్తుంది. తరువాత తగరపు కడ్డీని తాకించాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన చుక్కను దూదితో ఒక్క చుట్టు చుట్టేసరికి పసుపుపచ్చని లోపలిభాగం అద్దమైపోయింది. తగరం పులుపుకు తొందరగా లొంగదు, రాగిని ఆహారానికి తగలనివ్వదు. కళాయి అంటే యింతే: పాత్రకూ ఆహారానికీ మధ్య ఒక పలుచని తెర.

"ఇందులో మోసం లేదా?" అని అడిగాను.

ఆయన నవ్వి, తగరపుకడ్డీ ఒకటి నా చెవి దగ్గర పెట్టి వంచాడు. కరకరమని సన్నని చప్పుడయింది. "ఏడుస్తున్నది చూశారా? మంచి తగరం వంచితే ఏడుస్తుంది. సీసం ఏడవదు. సీసం కలిపితే ఖర్చు తక్కువ, మెరుపు అదే. తినేవాడికి చేటు" అన్నాడు. తగరం లోపలి స్ఫటికాలు ఒకదానిమీద ఒకటి జరిగేటప్పుడు ఆ చప్పుడు వస్తుందని తరువాత మిత్రుడు చెప్పారు. సీసం కాగితంమీద గీస్తే బూడిదరంగు గీత పడుతుందని కూడా చెప్పారు. ఇవి చూచాయగా తెలుసుకునే గుర్తులే. నమ్మకమైన మనిషి దగ్గర వేయించుకోవడమే అసలు పరీక్ష.

"వెనక మీ వీధుల్లో కేకవేసుకుంటూ తిరిగేవాణ్ణి. ఏడాదికి రెండుసార్లు ప్రతియింటా పనే. ఇప్పుడు పెళ్ళివంటల గుండిగలూ, బిర్యానీ డేగిసాలూ మాత్రమే వస్తున్నాయి. ఇత్తడి కొనేవాళ్ళు మళ్ళీ పెరిగారట. నా దగ్గరకు మాత్రం ఎవరూ రావడం లేదు" అన్నాడాయన.

ఆ మాట విన్న తరువాత నా తీర్పు నాకు దొరికింది. మన పెద్దలు మనకు ఇత్తడి ఒక్కటే యివ్వలేదు. ఇత్తడినీ, దాన్ని వాడే పద్ధతినీ జంటగా యిచ్చారు. బిందెలో నీళ్ళు, కళాయి గుండిగలో అన్నం, పులుసుకు రాచిప్ప, ఊరగాయకు జాడీ, పెరుగుకు మట్టికుండ. స్టీలు వచ్చాక పాత్ర అటకెక్కింది; పద్ధతి మరుపుకెక్కింది. ఇప్పుడు పాత్రను మాత్రం దించుకుంటున్నాము. సంస్కృతంలో రెండిటికీ ఒకటే పేరని చెప్పాను గదా! ఒక రీతిని అటకమీదనుంచి దించి, రెండో రీతిని అక్కడే మరిచిపోతే ఎట్లా?

ఆదివారంనాడు మేనకోడలు ఫోనులోనూ, తక్కినవారు ఎదురుగానూ వుండగా తీర్పు చెప్పాను.

బిందెలకూ, మరచెంబుకూ మంచినీళ్ళు. నిమ్మరసం, మజ్జిగ పొయ్యకూడదు. వారానికొకసారి లోపలకూడా తోమి, కడిగి, ఆరబెట్టాలి. నీళ్ళు మారుస్తూ వుండాలి.

గుండిగకూ, మిగిలిన రెండు తపేలాలకూ కళాయి వుంది గనుక అన్నం, పప్పు, పొంగలి వండవచ్చు. పులుసు, చారు, పులిహోర వద్దు. వండింది వెంటనే వేరే గిన్నెలోకి తియ్యాలి. వట్టిగిన్నె మంటమీద పెట్టకూడదు, తగరం కరుగుతుంది. పోపు వేయించడానికి ఇనపమూకుడు వుండనే వుంది. లోపల చెక్కగరిటె వాడాలి, పీచుతో గరగర తోమకూడదు. ఎక్కడైనా పసుపురంగు బయటపడిందా, మళ్ళీ కళాయి పడేదాకా ఆ పాత్ర పొయ్యెక్కకూడదు.

జంతికల గొట్టం, సిబ్బిరేకు, కుందులు యథాప్రకారం. పని కాగానే కడిగి తుడిచిపెట్టాలి.

"పాలగిన్నె?" అన్నది అమ్మ.

"పసిపిల్లల పాలకు మాత్రం వద్దమ్మా. కళాయి వేసినా వద్దు. ఎప్పుడు అరుగుతుందో మనకు తెలియదు. నీ రోజుల్లో ఆ గిన్నెకు ఏటా కళాయి పడేది. అందుకే మేము బతికిపోయాము" అన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఎప్పుడూ మాకు చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

"నాకొక తమ్ముడుండేవాడు. రెండేళ్ళు నిండకుండానే పోయాడు. కడుపు యింత లావున ఉబ్బింది. మా అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మందులు పట్టడం నాకు గుర్తుంది. అప్పుడు మా యింట్లో గిన్నెకు కళాయి వుందో లేదో... ఎవరు చూశారు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లవాడు ఏ జబ్బుతో పోయాడో యిప్పుడు తేల్చగలవారెవరూ లేరు. పిల్లల కడుపు ఉబ్బడానికి కారణాలు అనేకం. కాని అమ్మ గిన్నెను చేతిలో అటూ యిటూ తిప్పుతూ, తన పేరు కొట్టించిన చోట బొటనవేలితో తడుముతూ కూర్చుంది. కాసేపటికి లేచి, దాన్ని తోమి తుడిచి దేవుడిగదిలో పెట్టింది. ఇప్పుడందులో పసుపు అక్షతలుంటాయి.

నిన్న ఫోనులో మేనకోడలితో అమ్మ మాట్లాడుతుంటే విన్నాను.

"తపేలాలు పంపిస్తున్నాను. మీ వూళ్ళో కళాయి వేసేవాడు ఎక్కడున్నాడో ముందు కనుక్కో. వాడు దొరికేదాకా వాటిని పొయ్యెక్కించకు. పిల్లవాడి పాలు స్టీలు గిన్నెలోనే కాచు."

అంతకన్న మంచి తీర్పు నేను చెప్పలేదు.